కందనకాయ చోట ఆలుగడ్డ

నేను కళ్లు మూసుకొని ప్రార్థనలో ఉండగా నా కంచంలోని కందనకాయను ఎవరో తీసేసి, దాని చోట ఆలుగడ్డ ముక్క పెట్టారు. ఇది మా ఇంట్లోనే, నేను చావు తప్పించుకున్నందుకు దేవునికి స్తోత్రం చెల్లించడానికి పెట్టుకున్న కూడికలోనే జరిగింది. తీసింది తామేనని ఎవరూ ఒప్పుకోలేదు.

ఇదీ ఒక విషయమేనా అనేవాళ్లు చదవడం ఇక్కడితో ఆపేయవచ్చు. వాళ్ల కంచంలోంచి ఎవరూ ఏమీ తీయలేదు, కాబట్టి వాళ్లకు అలాగే అనిపిస్తుంది.

అప్పటికి పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. మేము దబీర్‌పురాలో ఒక ఇరుకు గల్లీలో ఉండేవాళ్లం. మా బాపు దర్జీ, షేర్వానీలు కుట్టేవాడు. నేను ఉప్పుగూడ స్టేషన్లో సిగ్నల్ లాంతర్లు తుడిచి, ఒత్తులు కత్తిరించి, చమురు పోసే పనిలో కొత్తగా చేరాను. బడికి సరిగా పోయినవాణ్ని కాదు. స్టేషన్ బోర్డు మీద ఒకే పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో రాసి ఉండేది. ఒకదాన్ని ఒకదానితో పోల్చుకుంటూ మూడింటి అక్షరాలూ నాకు నేనే పట్టుకున్నాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. గొప్ప కోసం చెప్పడం లేదు. దేన్నైనా పక్కపక్కన పెట్టి పోల్చి చూసే అలవాటు నాకు అప్పటి నుంచే ఉందని చెబుతున్నాను.

ఆ పనిలో చేరిన కొన్నాళ్లకే టైఫాయిడ్ పట్టుకుంది. వారాల తరబడి చాప మీదే ఉన్నాను. నోటికి బార్లీ నీళ్లు తప్ప మరేమీ లేదు. బార్లీ నీళ్లు తాగి బతికినవాడిగా వాటి మీద తీర్పు చెప్పే హక్కు నాకుంది: అవి ఉత్త నీళ్ల కంటే అధ్వానం. ప్రాణం మీదికి వచ్చినవాళ్లకు పరలోకం కనిపిస్తుందని మా చర్చిలో పెద్దవాళ్లు చెప్పేవారు. నాకు కందనకాయ కనిపించింది. ఎర్రగా వేగి, పక్కన కరివేపాకుతో సహా కనిపించింది. కోడికి దేవుడు రెండు కాళ్లిచ్చాడు, రెండు రెక్కలిచ్చాడు, కందనకాయ దగ్గర మాత్రం చెయ్యి బిగబట్టాడు. ఒక్క కోడికి ఒక్కటే. అందుకే దానికా విలువ.

"జరం తగ్గనియ్యి బిడ్డా, కోడి కోయిస్త. కందనకాయ నీకే," అని అమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ మాట ఇచ్చింది.

మా నాయనమ్మ ఇంకో మాట ఇచ్చింది, కాకపోతే నాకు కాదు, దేవుడికి. ఆమె యేసయ్యను నమ్ముకున్నది ముసలితనంలో. మొక్కుకునే అలవాటు మాత్రం పాతదే. "ప్రభువా, వీడు లేచి కూసుంటే నీకొక కోడి" అని పైకి చేతులెత్తింది.

"ప్రభువు కోళ్లు అడుగుతడా అమ్మా?" అన్నాడు బాపు.

"అడగకుంటే మనమే తిందం. మొక్కు మొక్కే. ఇంకోటి గూడ మొక్కిన. చర్చిల అందరి ముంగట వీని నోటితోనే స్తోత్రం చెప్పిస్త."

నేను లేచి కూర్చున్నాను. కూడిక పెట్టారు. పక్కింటి ఖాలా వాళ్లు కూడా తినేలా కోడిని ఖాలా భర్తతోనే హలాల్‌గా కోయించారు. ఒక్క కోడి, ఇంటినిండా మనుషులు. అందుకని కూరలో కోడి కంటే ఆలుగడ్డలే ఎక్కువ. బాపు, అమ్మ, నాయనమ్మ, అన్న, వదిన, చర్చి అయ్యగారు, ఖాలా అందరూ చాపల మీద కూర్చున్నారు. అమ్మ వడ్డించింది. నా కంచంలో అన్నం కొండ మీద కందనకాయను పెట్టింది. నేను కళ్లారా చూశాను. ఈ ఒక్క సంగతిలో నాకు ఏ అనుమానమూ లేదు.

మా బాపు దగ్గర రెండు కానూన్లు ఉండేవి. ఒకటి, కంచాలు వడ్డించాకే ప్రార్థన చేయాలి. ఎదుట ఉన్నదాన్ని చూసి స్తోత్రం చెప్పాలి గానీ పొయ్యి మీది గంజులో ఉన్నదాన్ని ఊహించి కాదని ఆయన వాదన. రెండు, ప్రార్థన మొదలైతే ఆమెన్ దాకా ఎవరూ కళ్లు తెరవకూడదు. తెరిచినవాళ్లు వాక్యంలో, అంటే బైబిల్లో, అన్నింటికంటే పొడుగైన కీర్తనను చూడకుండా అప్పజెప్పాలి, అప్పటిదాకా అన్నం ముట్టకూడదు. ఆ కీర్తన ఎంత పొడుగంటే, మా అన్న చిన్నప్పుడొకసారి దొరికిపోయి అప్పజెబుతూ అప్పజెబుతూ మధ్యలో నిద్రపోయాడు.

బాపు షేర్వానీ ఎలా కుట్టేవాడో ప్రార్థనా అలాగే చేసేవాడు. ఒక్క కుట్టు కూడా వదలడు. దేవుడు చేసిన మేళ్లను ఒక్కొక్కటే ఎత్తుకుంటాడు, ప్రతిదానికీ మేమంతా "స్తోత్రం" అనాలి. ఆ రోజు గల్లీ మూలనున్న సర్కారీ నల్లాతో మొదలుపెట్టాడు. ఆ నల్లాలో నీళ్లు వచ్చే రోజులకు స్తోత్రం. వైద్యం చేసిన డాక్టరుకు స్తోత్రం. ఆ డాక్టరు సైకిలుకు, అది మా గల్లీ రాళ్ల మీద పంక్చర్ కానందుకు స్తోత్రం. నా బదులు స్టేషన్‌కు పోయి లాంతర్లు తుడిచి నా నౌకరీ నిలబెట్టిన అన్నకు స్తోత్రం. దోమతెరకు స్తోత్రం. దోమతెర చిరుగుకు వేసిన మాటుకు వేరేగా స్తోత్రం. కూర చల్లారుతున్న వాసన నా ముక్కుకు తెలుస్తూనే ఉంది. నేను కళ్లు గట్టిగా బిగించాను.

"బార్లీ నీళ్లకు" అన్నాడు బాపు.

పళ్లు కొరుక్కుంటూ స్తోత్రం అన్నాను. అక్కడే ఒక తేడా వినిపించింది. గుంపులో ఒక గొంతు తగ్గింది. దాని తర్వాత రెండు మూడు మేళ్ల దాకా ఆ గొంతు రాలేదు. వచ్చాక కూడా కొంచెం బొంగురుగా వచ్చింది. ఎవరిదో పోల్చుకోలేకపోయాను. నా మనసు అప్పటికే భోజనంలో ఉంది.

ఆమెన్ అన్నాం. కళ్లు తెరిచాను. అన్నం కొండ మీద ఆలుగడ్డ కూర్చుని ఉంది.

"నా కందనకాయ ఏది?"

"ఏందిరా?" అన్నాడు బాపు.

"నా కందనకాయ. గిక్కడనే ఉండె. ఇప్పుడు ఆలుగడ్డ ఉన్నది."

అన్న నా కంచంలోకి తొంగి చూశాడు. "నీళ్లను ద్రాక్షరసం జేసిన ప్రభువుకు కందనకాయను ఆలుగడ్డ జేసుడు ఎంత పని రా తమ్మీ?"

"నోర్ముయ్. వాక్యంతోని పరాచికాలా?" అని బాపు గద్దించాడు గానీ, మీసం చాటున నవ్వు దాచుకోవడం నేను చూశాను.

"ఎవలో తీసిండ్రు బాపూ!"

"తీస్తుంటే ఎవలన్న చూసిండ్రా?"

ఎవరూ మాట్లాడలేదు. ఎలా మాట్లాడతారు? చూశానంటే కళ్లు తెరిచానని ఒప్పుకున్నట్టే. ఒప్పుకుంటే ఆ పొడుగు కీర్తన. దొంగకు ఇంతకంటే గట్టి కోట ఏ రాజూ కట్టి ఉండడు. మా బాపు కట్టాడు, భక్తితో కట్టాడు.

"పోయినదాన్ని తలుచుకోకు బాబూ. ఉన్నవాటిని లెక్కపెట్టుకో," అన్నారు అయ్యగారు.

"ఉన్నది ఆలుగడ్డండీ."

"ఆలుగడ్డకే స్తోత్రం చెప్పు."

ఆయన కంచంలో కోడికాలు ఉంది. కాలు ముందు పెట్టుకున్నవాళ్లకు ఆలుగడ్డ గురించి సలహా చెప్పడం తేలిక.

"పోనీ తియ్ బిడ్డా, ఇంకో కోడిని కోసినప్పుడు నీకే పెడ్త," అంది అమ్మ. నేను ఆ ఆలుగడ్డను ముట్టలేదు. మిగతాదంతా తిన్నాను.

మరునాటి నుంచి విచారణ మొదలుపెట్టాను. నాయనమ్మను ముందే వదిలేశాను. ఆమెకు పళ్లు లేవు, తీసినా నమలలేదు. బాపు నోరు ప్రార్థనలో ఉంది. మిగిలినవాళ్లలో మొదటి అనుమానం అన్న మీదే. నా బదులు లాంతర్లు తుడిచాడు, నిజమే. దాని వల్ల నా కందనకాయ మీద హక్కు వస్తుందా అని చాలా ఆలోచించాను. రాదు. నల్లా దగ్గర పట్టుకుని అడిగాను.

"నేనే తింటే ఆలుగడ్డ ఎందుకు పెడ్తరా? అది గూడ నేనే తింటుంటి," అన్నాడు.

అన్న తిండి తెలిసినవాడిగా ఈ వాదనలో బలం ఉందని ఒప్పుకోవలసి వచ్చింది. వదినను అడిగితే, "నన్ను అడుగుతున్నవా? సరే, ఇయ్యాల్టి నుంచి నీ బట్టలు నువ్వే ఉతుక్కో," అంది. అది జవాబు కాదు, కానీ విచారణ అక్కడ ఆగిపోయింది.

అప్పుడు నాకు మెరుపులా తట్టింది. మా కానూన్‌కు లోబడని మనిషి ఆ రోజు ఒక్కరున్నారు. ఖాలా ముస్లిం. ఆమె కళ్లు తెరిచినా బాపు ఏమీ అనలేడు. ఇంతకంటే మంచి సాక్షి ఎక్కడ దొరుకుతుంది? గోడ మీది నుంచే పిలిచాను.

"ఖాలా, మా కానూన్ మీకు లేదు గదా. మీరు చూసే ఉంటరు. ఎవలు తీసిండ్రు?"

ఆమె చెంపలు వేసుకుంది. "తోబా, తోబా! ఎవలదైనా దువా దువానే బేటా. మీ బాపు దువా జేస్తుంటే నేను కండ్లు తెరుచుకొని మంది కంచాలు చూసుకుంట కూసుంటనా? గంత బద్తమీజ్ దాని లెక్క కనబడ్తున్ననా నీకు?" తర్వాత గొంతు తగ్గించి, "సచ్ చెప్పాల్నంటే, గంత లంబా దువాకు నాకు కునుకు గూడ పట్టింది," అంది.

ఇంటినిండా, గోడ అవతల కూడా భక్తి ఇంత ఎక్కువగా ఉంటే ఇక న్యాయం ఎవరు చేస్తారు?

ఆదివారం చర్చిలో అయ్యగారు నన్ను సాక్ష్యం చెప్పడానికి లేవమన్నారు. నాయనమ్మ కొత్త చీర కట్టుకుని ముందు వరుసలో కూర్చుంది. నేను లేవలేదు. దేవుడి మీద నాకు కోపం లేదు. ఆయన తన వంతు సరిగ్గానే చేశాడు. కానీ దొంగ అదే చర్చిలో, బహుశా నా వరుసలోనే కూర్చుని ఉంటే, నాకు అంతా మేలే జరిగిందని ఏ నోటితో చెప్పాలి? ఒక గుండీ ఊడిన షేర్వానీని గిరాకీకి ఇవ్వకూడదని మా బాపే అనేవాడు. స్తోత్రం కూడా అంతే.

"నా మొక్కు సగంల నిలబెట్టినవు గదరా!" అని నాయనమ్మ ఇంటికొచ్చి నెత్తి కొట్టుకుంది. "రేపు ప్రభువుకు ఏం ముఖం వెట్టుకొని కనబడాలె?"

"కందనకాయ తీసినోళ్లను ఒప్పుకోమను. గదే నిమిషంల చెప్త."

"లెక్కపెట్టుకోరా," అన్నాడు బాపు. "పానం ఉన్నది. నౌకరీ ఉన్నది. అమ్మ ఉన్నది, అన్న ఉన్నడు. ఏం తక్కువైంది నీకు?"

"కందనకాయ."

అలా ఏళ్లు గడిచాయి. ఆ తర్వాత కోసిన ప్రతి కోడి కందనకాయా నాకే వచ్చింది. తిన్నాను. కాదనను. కానీ అవి వేరే కోళ్లు. ఒకరికి జరిగిన అన్యాయాన్ని ఇంకో కోడి ఎలా తీరుస్తుంది? యుద్ధం వచ్చింది, బియ్యం రేషన్ అయ్యింది, కోడి కనిపించడమే గగనమైంది. నాకు పెళ్లయింది. పెళ్లయిన వారంలోనే ఈ సంగతంతా నా భార్యకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "ఆలుగడ్డ పెట్టిండ్రు గదా, ఉత్తగనే గుంజుకోలేదు గదా," అంది. ఆమె కూడా అటువైపే చేరింది.

నాయనమ్మ మంచాన పడింది. చూపు తగ్గింది, మాట తగ్గలేదు. పొద్దున లేస్తే అదే అడిగేది: "ఏమిరా, చెప్తవా, నన్ను బాకీతోనే పంపిస్తవా?" ఆమె దుప్పటి సర్ది నేను స్టేషన్‌కు బయలుదేరేవాణ్ని. కానీ ఇన్నేళ్లు పట్టిన పట్టును ఏ కారణమూ లేకుండా ఎలా వదలను? దొంగ ఒక్క మాట చెబితే చాలు. ఆ ఒక్క మాట కోసం ముసలామె, నేను ఇద్దరం ఎదురు చూస్తున్నాం.

ఆ రోజుల్లోనే మాకు బిడ్డ పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. మళ్లీ కూడిక పెట్టారు. ఎక్కడి నుంచో అన్న ఒక బక్క కోడిని సంపాదించుకొచ్చాడు. నాయనమ్మ మంచాన్ని చాపల పక్కకు జరిపారు. బాపు గొంతు పట్టేసింది. "ఇయ్యాల బిడ్డ తండ్రివి నువ్వు, నువ్వే చెయ్యి ప్రార్థన," అన్నాడు.

మా ఇంట్లో ముఖం మీద అనలేని మాటలను ప్రార్థనలో అనడం అందరికీ అలవాటే. వదిన "ప్రభువా, నీళ్లు మోసే ఓపిక ఇంట్ల అందరికి సమానంగ ఇయ్యి" అని కళ్లు మూసుకుని అంటే, అది నా భార్యకు అని అందరికీ తెలుసు. ప్రార్థనకు ఎవరూ అడ్డం చెప్పకూడదు. కావాలంటే తన వంతు వచ్చినప్పుడు తనూ ప్రార్థన చేసుకోవచ్చు. నేనూ ఆ దారే పట్టాను. బిడ్డకు, బిడ్డ తల్లికి, బియ్యానికి, అన్న తెచ్చిన కోడికి వరసగా స్తోత్రాలు చెప్పాను. తర్వాత గొంతు పెంచాను.

"ప్రభువా, మా కండ్లు మూసి ఉన్నా నీ కండ్లు మూసి ఉండవు. ఆ దినం నా కంచంల చెయ్యి వెట్టిందెవలో నీకు ఎరుకే. వాళ్లను శిక్షించుమని అడుగుత లేను. ఉత్త నోరు విప్పించు. గది జరిగిన నిమిషం నాయనమ్మ మొక్కు తీరుస్త, వచ్చే ఆదివారమే చర్చిల నిలబడి నీకు స్తోత్రం చెప్త."

అన్న గొంతు ఒక్కటే గట్టిగా "స్తోత్రం" అంది. నేను ఆమెన్ అనబోతుంటే, ఎన్నడూ నలుగురిలో పైకి ప్రార్థన చెయ్యని మా అమ్మ గొంతు సవరించుకుంది.

"ప్రభువా, ఆ చెయ్యి నాదే. పేగులు ఇంక పచ్చిగనే ఉన్నయి, గట్టిది నమిలితే పోరడు దక్కడని డాక్టర్ నన్ను పక్కకు పిలిచి చెప్పిండు. వీనికి జెప్తే ఇంటడా తండ్రీ? లొల్లి జేసి మరీ తింటడు. గందుకే అందరు కండ్లు మూసుకున్నంక తీసి, మెత్తటి ఆలుగడ్డ వెట్టిన. ఆ పొడుగు కీర్తన నాకు రాదని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. నువ్వు ఇచ్చినదాన్ని పారేస్తే పాపమని నేనే నోట్లేసుకున్న. ఈ ఇంటికి కోడలిగ వచ్చినప్పటి సంది ఎన్ని కోళ్లు వండిన్నో నీకెరుకే, కందనకాయ నా నోట్ల పడ్డది మాత్రం గప్పుడొక్కసారే. కండ్లు తెరిచినందుకు మాఫ్ జెయ్యి. తిన్నందుకు మాఫీ అడుగ. మస్తు రుచిగుండె. స్తోత్రం తండ్రీ, ఆమెన్."