తుత్తునాగం చలి

మా గాలయ్య పోసిన ఇత్తడి చెంబును వేలితో కొడితే మిర్యాలగూడెంలో కుక్కలు లేచి మొరిగేవి. నమ్మకపోతే మీ ఇష్టం. నాలుగో తరగతిలో బడి ఎగ్గొట్టినవాణ్ణి, దూరాలు నాకంతగా తెలియవు. ఇక చెప్పబోయేదాంట్లో మాత్రం పిసరు కూడా పెంచను.

గాలయ్య నల్గొండకు ఆమడ దూరంలోని మా ఊరి కంచరి. ఇప్పుడు జింకు అంటున్న లోహాన్ని అప్పట్లో తుత్తునాగం అనేవారు. కరిగిన రాగిలో అది వేస్తేనే ఇత్తడి. వేసినప్పుడు తెల్లటి పొగ లేస్తుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు పొద్దుగూకగానే చలిజ్వరం వస్తుంది, తెల్లారేసరికి పోతుంది. రోజూ పీల్చేవాళ్లకు అలవాటైపోతుంది. కొన్నాళ్లు కొలిమి ఆగితే మళ్లీ వణుకే. కంచరి ఇళ్లలో దానికెవరూ భయపడరు. బెల్లం నీళ్లు తాగి గొంగడి కప్పుకుంటారు.

జర్మనీ లడాయి రోజుల్లో తుత్తునాగం రాక నెలల తరబడి కొలిమి చల్లారింది. వానకాలం చివర కాస్త దొరికింది. గాలయ్య రాగి కరిగించాడు, భార్య నాగులమ్మ తిత్తులు ఊదింది. ఆ సాయంత్రం ఇద్దరూ వణికారు.

"ముసలోనివైనవ్. పండ్లు రాల్తయ్, జర పట్టుకో," అంది నాగులమ్మ.

"నీయి ఉన్నయో లేవో సూస్కోవే ముందుగాల."

తెల్లారి ఇద్దరూ లేచి పనిలో పడ్డారు. ఒకరోజు విడిచి నాగులమ్మకు మళ్లీ వణుకొచ్చింది. గాలయ్యకు రాలేదు.

పక్కింటి సుక్కమ్మ ఆమె ఒళ్లు పట్టి చూసింది. "గాలన్నా, గిది మీ పొగ చలి గాదే. ఊరంత జరాలున్నయ్. దవాఖానకు తోల్కపో."

"కొలిమోళ్ల చలి నీకేమెరుక సుక్కక్కా? తెల్లారితే పోతది."

నిజంగానే తెల్లారి పోయింది. నాగులమ్మ మళ్లీ తిత్తుల దగ్గర కూర్చుంది. అదే వాళ్లను మోసం చేసింది.

ఆ మర్నాడు అమావాస్య. అమావాస్యనాడు కంచరులు కొలిమి ముట్టించరు. పొగ లేదు, మంట లేదు. మధ్యాహ్నమే నాగులమ్మ పళ్లు కటకటలాడాయి. గాలయ్య చల్లని కొలిమి వంక చూశాడు, ఆమె వంక చూశాడు. నల్గొండ దవాఖానకు బండి కట్టాడు.

దారిలో ఆమెకు తెలివి తప్పింది.

"నాగులూ, గదిగో నల్గొండ లతీఫ్ సాబ్ గుట్ట కనవడ్తాంది. వచ్చినమే," అంటూ ఎడ్లను అదిలించాడు. దవాఖాన మెట్ల మీదే ప్రాణం పోయింది.

గాలయ్య కొలిమి మానలేదు. తుత్తునాగం దొరికినప్పుడు పోశాడు, వణికాడు. వణికిన ప్రతిసారీ దవాఖానకు నడిచాడు.

"నీది పొగ చలే గదయ్యా, గింత దూరం ఎందుకొస్తవ్?" అన్నాడు కాంపౌండరు ఒకసారి.

"ఏ చలో నేను జెప్ప సాబ్. మందియ్యి."

మలేరియాకిచ్చే క్వినైను అక్కడే నిలబడి మింగి, ఇంటిదారి పట్టేవాడు.