దారం మేస్త్రి వంచిన రోడ్డు

దారం మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. లేఅవుట్లలో రోడ్లకు సున్నం గీత వేయడం ఆయన పని. మేకు నుంచి మేకుకు దారం లాగి ఆయన వేసిన గీతలో వంకర చూపించిన మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. ఇంట్లోనూ అదే వరస. గోడ మీద క్యాలెండరు కాస్త ఒరిగితే చాలు, మనిషికి ముద్ద దిగదు.

అలాంటి మనిషి నెత్తిన వంకర రోడ్డు పడింది. తెచ్చిపెట్టింది పరాయివాళ్ళా అంటే కాదు, కన్నకూతురే. అటవీశాఖలో పనిచేసే ఆ పిల్ల, కొత్త లేఅవుట్ మధ్య గడ్డినేలలో అంతరించిపోతున్న పిట్ట ఒకటి నేలమీదే గుడ్లు పెడుతోందని కనిపెట్టింది. లేఅవుట్ యజమానితో నెలల తరబడి వాదించి, రోడ్డు గడ్డి చుట్టూ తిరిగేలా ఒప్పించింది. ఆయన ఒక్కటే షరతు పెట్టాడు. మలుపు చూడముచ్చటగా ఉండాలి, లేదంటే రోడ్డు తిన్నగా గడ్డిలోంచే పోతుంది.

మలుపు గీయాలంటే మధ్యలో మేకు కొట్టి, దానికి దారం కట్టి చుట్టూ తిప్పాలి. ఆ మధ్య కాస్తా సరిగ్గా పిట్ట పొదుగుతున్న చోట పడింది. మేస్త్రి అలవాటు కొద్దీ సుత్తి పట్టుకుని గడ్డిలోకి అడుగెయ్యబోతే కూతురు చెయ్యి పట్టుకుని ఆపింది.

“వద్దు నాన్నా, పిట్ట బెదిరి గూడు వదిలేస్తుంది.”

“మేకు లేకుండా ఎలా గియ్యనే? నా పరువేం కావాలి?”

“నీ చెయ్యి మీద నమ్మకంతోనే ఆ షరతుకి ఒప్పుకున్నా నాన్నా.”

మేస్త్రి సుత్తి పక్కన పడేశాడు. లావుపాటి తాడు తెప్పించి గడ్డి అంచు చుట్టూ నేలమీద పరిచాడు. తర్వాత భార్యను పిలిపించి నీళ్ళ ట్యాంకరు మీదికి ఎక్కించాడు. ఆయన చేసే పనిలో తప్పులు పట్టడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి.

“అక్కడ పొట్టలా ఉబ్బింది, లోపలికి జరపండి. అయ్యో, అంత కాదు! మీ నాన్నకి చెప్పవే, నా మాట ఎప్పుడు విన్నారు గనక!”

తండ్రీకూతుళ్ళు మోకాళ్ళ మీద పాకుతూ తాడు సర్దారు. ఎండ నడినెత్తికొచ్చింది. ఎట్టకేలకు పైనుంచి కేకలు ఆగాయి.

“ఇంక ముట్టుకోకండి, బాగుంది,” అందావిడ.

పెళ్ళయ్యాక ఆవిడ నోట విన్న మొదటి మెచ్చుకోలు అదేనని మేస్త్రి ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. తాడు వెంట సున్నం పోశాడు. యజమాని తానూ ట్యాంకరెక్కి చూశాడు. వంక పెట్టడానికి చోటు దొరక్క, దిగి రోడ్డు రోలరుకు కబురుపెట్టాడు.

ఇప్పుడు మలుపు వెంట ఇళ్ళు లేచాయి, గడ్డిలో పిట్ట సంతతీ పెరిగింది. మేస్త్రి రోజూ సాయంత్రం అటే నడకకు వెళ్తాడు. తిన్నగా వేసిన రోడ్లు ఊరినిండా ఉన్నా వాటి ఊసే ఎత్తడు. మొన్న కారు నేర్చుకుంటున్న ఒకాయన ఆ మలుపులో ఆగిపోయి విసుక్కున్నాడు.

“శుభ్రంగా తిన్నగా పోయే రోడ్డుని ఇక్కడ వంచిన మహానుభావుడు ఎవరండీ?”

మేస్త్రి చొక్కా సర్దుకుని, ఛాతీ విరుచుకుని ముందుకొచ్చాడు.

“మా ఇంటిల్లిపాదీ కలిసి వంచామండీ!”