ఇస్రాయేలన్న గిటారు కోసం ప్రార్థన

పొద్దున ముఖం కడుక్కోగానే, ఇంకా టీ కూడా తాగకముందే, ఇస్రాయేలన్న గిటారు ఒళ్లో పెట్టుకునేవాడు. స్పీకరుకు తగిలించేవాడు కాదు. గిటారు చెక్క అంచుకు దవడ ఆనించి, కళ్లు మూసుకుని, ఒక్కో తీగ మీటుతూ మరలు తిప్పి శ్రుతి చేసేవాడు. పక్కింట్లో ఉన్న మాకు అది ప్రార్థనలాగే కనిపించేది. తర్వాత బైబిలు వాక్యం చదువుకుని, ఇంత తిని, పత్తి చేన్ల పనికి వెళ్లేవాడు.

బిజినేపల్లి పక్కన మా చిన్న మందిరంలో కరెంటు గిటారు ఉందంటే అది ఆయన వలస బతుకు వల్లనే. పెళ్లికి ముందు నుంచీ, కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రీ వెంట దూర రాష్ట్రాలు పోయి, కొండల్లో సొరంగాలు తవ్వేచోట బండకు రంధ్రాలు కొట్టే మిషన్ పట్టాడు. అక్కడ మణిపూర్ నుంచి వచ్చిన తోటి కూలీ ఒకాయన సాయంత్రాలు గిటారు నేర్పాడు. ఊరికి పోతూ పోతూ, నా దగ్గర ఇంకొకటుంది, దీన్ని నువ్వు వాయించుకో అని ఇచ్చిపోయాడు. అలాంటి మనుషులను దేవుడు ఎక్కడ పెడతాడో మనకు తెలియదు.

పోయిన వానాకాలం, ఆరాధన మధ్యలో ఆ గిటారు మూగబోయింది. అన్నా వదినా ఇద్దరూ దాన్ని బస్సులో వనపర్తి తీసుకెళ్లారు. అక్కడ జయరాజు అనే అతను మందిరాల మైకు సెట్లు, పెళ్లి బ్యాండ్ల స్పీకర్లు బాగుచేస్తాడు. దుకాణంలో జరిగింది మాకు శాంతమ్మ వదిన చెప్పిందే.

"పికప్ పోయిందన్నా" అన్నాడట జయరాజు.

"బండికి పికప్ లేదంటే విన్న గని, గిటారుకు గూడ పికప్ ఉంటదా? దీని మీద యాడికి పోతరు?" అంది వదిన.

జయరాజు నవ్వి చూపించాడు. "తీగల కింద ఈ నల్ల పట్టీలు చూసినవా వదినా? వీటిల అయస్కాంతముంటది. చుట్టు వెంట్రుకంత సన్నం రాగితీగ. పైన తీగ వణికితే గిది పట్టుకొని స్పీకరుకు అందిస్తది. లోపల రాగితీగ తెగింది. కొత్తవి వేసుడే."

హైదరాబాద్ నుంచి రెండు రకాలు తెప్పించి, మళ్లీ రమ్మన్నాడు. ఒకటి రాగితీగ ఒంటి చుట్టది, గొంతు పదును. రెండోది జంట చుట్టలది, గొంతు కొంచెం లావు. ట్యూబులైట్ల జుయ్యిమనే చప్పుడు దానికి అంటదు. రెంటినీ గిటారులో పక్కపక్కనే బిగించి, మీట అటూ ఇటూ మారుస్తూ వాయించమన్నాడు.

జంట చుట్టలది విని ఇస్రాయేలన్న తల అడ్డంగా ఊపాడు. "ఇది దుప్పటి కప్పుకొని పాడినట్టున్నది." ఇంకోదానికి మొహం విప్పారింది. "గిది చూడు తమ్మీ. తేట నీళ్ల లెక్కుంది."

"అన్నా, చెవుల సూది గుచ్చినట్టున్నది గదా. మీ మందిరానికి జంటదే మంచిగుంటది."

"దినాం డీజే డబ్బాల కాడ కూసుంటవు. నీ చెవులు ఖరాబైనయ్."

ముగ్గురూ నవ్వుకున్నారు. పదునుదే పెట్టించుకుని వచ్చాడు.

ఆ ఆదివారం మొదటి పాటకే పసిపిల్లలు ఏడ్చారు. తల్లులు వాళ్లను ఎత్తుకుని వెనక వరుసకు జరిగారు. ముందు కుర్చీలో కూర్చునే లలితమ్మవ్వ, చలి పెడుతున్నట్టు కొంగు చెవుల మీదుగా చుట్టుకుంది. మైకు చూసుకునే అతను మెల్లగా సౌండు గుండీ తగ్గిస్తే, అన్న లేచి వచ్చి మళ్లీ పెంచాడు. ఎవరూ ఏమీ అనలేదు. తర్వాతి వారాలూ అంతే. ఆయన కళ్లు మూసుకుని వాయిస్తుంటే ఆ సంతోషాన్ని ఒక మాటతో చెడగొట్టడానికి మనసొప్పలేదు. కుక్కరు విజిలు కూడా ఆయనకు వినిపించడం లేదని వదినకు అప్పటికే తెలుసు. ఆమె కూడా కడుపులోనే దాచుకుంది.

మా సంఘంలో వాక్యం అయ్యాక, ఎవరికి ఏ కష్టముంటే వాళ్లు లేచి ప్రార్థన అంశం చెప్తారు. లేచి చెప్పినదాన్ని అయ్యగారు విడిచిపెట్టకూడదు, అది మా పద్ధతి. ఒక ఆదివారం లలితమ్మవ్వ కర్ర ఆనుకుని లేచింది.

"ఇస్రాయేలు గిటారుకు పాణం మంచిగ లేదు అయ్యగారూ. దెబ్బ తాకినట్టు ఒర్లుతున్నది. బాగుచేయమని దేవుణ్ని అడుగుండ్రి."

వెటకారం లేదు. మనవడి జ్వరం గురించి చెప్పినట్టే చెప్పింది. అవ్వ సన్నని గొంతు అన్నకు అందలేదు. అయ్యగారు ఒక్క క్షణం తడబడి, పద్ధతి తప్పలేక మైకులో ప్రార్థించారు. "మా ఇస్రాయేలన్న గిటారుకు సోకిన బాధను తొలగించు తండ్రీ" అన్నారు. మేమంతా ఆమెన్ అన్నాం. ఆ ఒక్క మాటతో, ఆ గిటారు చప్పుడు ఇన్ని వారాలుగా అందరి చెవులనూ బాధిస్తోందన్న సంగతి ఆయనకు తెలిసిపోయింది.

కళ్లు తెరిచేసరికి ఆయన తీగల మీద అరచెయ్యి అదిమి పెట్టుకుని కూర్చున్నాడు. చివరి పాట డోలక్కుతోనే పాడుకున్నాం.

ఆ వారంలో వదిన ఆయనను నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకెళ్లింది. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి పరీక్ష చేశారు. బండ కొట్టే మిషన్ల చప్పుడుకు సన్నని శబ్దాలు వినే శక్తి పోయిందని, మిగిలింది కూడా మెల్లగా తగ్గుతుందని, పోయింది తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని అన్నాడు. "పిట్టలు కూస్తలేవంటే, పత్తి మందుకు సచ్చినయేమో అనుకున్న. ఉన్నయంట."

వదిన వచ్చి ఆయన పక్కన కూర్చుంది.

ఆ ప్రార్థన అడిగింది ఎవరో తెలుసుకుని, వారం తిరగకముందే అన్న లలితమ్మవ్వ ఇంటికి పోయి, జర నాతో వనపర్తి దాకా రమ్మన్నాడు. అవ్వకు బస్సెక్కడం కష్టమని నేనూ వెంట వెళ్లాను. జయరాజు మళ్లీ రెండూ బిగించి పెట్టాడు. అన్న వాయించాడు. ఆయన కళ్లు తీగల మీద లేవు, అవ్వ మొహం మీదే ఉన్నాయి.

జంట చుట్టలది మోగగానే అవ్వ చెవుల మీది కొంగు తీసేసింది. "ఇది మంచిగుంది బిడ్డా. జోకొట్టినట్టున్నది."

"నాకైతే సగమే వినొస్తున్నది" అన్నాడాయన. "అయినా గిదే పెట్టు తమ్మీ."

జయరాజు అదే బిగించాడు. స్టూలు తెచ్చి అవ్వను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. చెవులు ఖరాబైనయన్న మాటను ఎవరూ ఎత్తలేదు.

తిరుగు బస్సులో అవ్వ కిటికీ పక్కన కూర్చుంది. గిటారు సంచిని మోకాళ్ల నడుమ పట్టుకుని ఇస్రాయేలన్న ఆమె పక్కన కూర్చున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా ఆమె వైపు వంగాడు.

"అవ్వా, ఒక్క పని చేసిపెడతవా?"

"చెప్పు బిడ్డా."

"నా చెయ్యి తప్పు పడ్తే నాకు తెల్వదు. మన సంఘపోళ్లంత మంచోళ్లు, చెప్పరు. ఇగ వాయించుడు బందు చేయాల్సిన దినమొస్తది గదా. ఆ దినం నువ్వే నా కాడికొచ్చి, చెవుల గట్టిగ చెప్పాలె."