ప్రాస తప్పిన రాయి

మా ఊరి బడి గోడలో ఒక నల్లరాయి ఉంది. దాని మీద ఒక కందపద్యం చెక్కి ఉంది. ఆ పద్యంలో తప్పుంది. ఛందస్సు కాస్త నేర్చినవాడెవడైనా రెండో పాదానికి వచ్చేసరికి పట్టేస్తాడు. రాసినాయనకీ అది తప్పని తెలుసు. తెలిసే చెక్కించాడు. ఆయన మా మేనమామ జగన్నాథం, ఆ బడికే మేష్టరు. ఇలాంటి మనుషుల గురించి పెద్దవాళ్ళెవరూ రాయరు. నాకు వేరే పనేమీ లేదు కనుక నేను రాస్తున్నాను.

మాది నరసన్నపేటలో బస్సు దిగి మడిగట్ల మీద నడిచి రావలసిన ఊరు. మావ పొద్దున్నే మడిలో దిగి, ఎండ ఎక్కేవేళకి కాలవలో కాళ్ళు కడుక్కుని, పంచె దించుకుని బడికి పోయేవాడు. గోళ్ళలో మట్టి అలాగే ఉండేది. ఆయనకి రెండు తెలుగులు ఉండేవి. బడి అరుగు ఎక్కితే చకారం, దిగితే సకారం. ఇంట్లో 'సెప్పు, సూడు' అనే మనిషే పలక మీద 'సదువు' అని రాసినవాడి చెవి మెలేసి 'చదువు' అని రాయించేవాడు. నోటికి ఏదొచ్చినా పరవాలేదు, చేతికి మాత్రం సరైన అక్షరం రావాలనేది ఆయన పట్టు.

నేను విజయనగరంలో కాలేజీ మానేసి వచ్చాక, పొద్దుపోక ఆ బడి కిటికీ దగ్గర నిలబడేవాణ్ణి. కాలేజీలో అలంకారాలు లక్షణాలతో సహా బట్టీ పట్టించారు. ఒక్కటీ నిలవలేదు. మావ మాత్రం బడి కంచె పక్కన మేసే తవిటమ్మ గేదెతో మొత్తం పాఠం లాగించేశాడు. గేదె ఏనుగులా ఉందంటే ఉపమ. ఈ గేదె ఏనుగే అంటే రూపకం. ఇది గేదె కాదర్రా, ఏనుగు అంటే అపహ్నుతి. గేదెను చూస్తే ఏనుగేమో అనిపిస్తోందంటే ఉత్ప్రేక్ష. అది అడుగేస్తే నరసన్నపేటలో కుండలు పగులుతాయంటే అతిశయోక్తి.

తవిటమ్మ కంచె అవతల పేడ ఎత్తుతూ అంతా వింది. ఆవిడ మాకు దూరపు వరసలో పెద్దమ్మ, మావకి అప్ప, అంటే అక్క. నోరు పెద్దది.

"మా తమ్ముడు గొప్పోడర్రా. పిల్లలు మొద్దులైపోయినా పరవానేదు, నా గేదెకి సదువొచ్చీసినాది" అంది.

పిల్లలు నవ్వారు. మావ ఏమీ అనుకోలేదు సరికదా, ఇదిగో వ్యాజస్తుతి అంటే ఇదే, పైకి పొగడ్త, లోపల తిట్టు, అప్ప ఎంత బాగా చెప్పిందో చూడండి అని పిల్లలచేత ఆ మాట పలకల మీద రాయించాడు. సకారాలన్నీ చకారాలు చేసి మరీ రాయించాడు.

ఆయనకి ఒకే ఒక్క ఆశ ఉండేది. తెలిసినవాళ్ళ చేత కవి అనిపించుకోవాలి. ఊళ్ళో పెళ్ళిళ్ళకి పద్యాలు రాసేవాడు, కానీ ఊళ్ళో వాళ్ళు మెచ్చుకుంటే ఆయనకి ఆనేది కాదు. వయసులో ఉన్నప్పుడు శ్రీకాకుళంలో ఒక సభకెళ్ళి పద్యం చదివాడట. కంగారులో చకారం జారిపోయి సకారం వచ్చింది. వెనక వరసలో ఒకడు దాన్నే వెక్కిరింపుగా తిరిగి అన్నాడు, సభంతా నవ్వింది. ఆ తర్వాత బయటి సభల్లో పద్యం చదవడం మానేశాడు. రాసేది మానలేదు. ఒక్క అక్షరం కూడా ఎవరూ వేలెట్టి చూపించలేనట్టు రాయాలనేది పంతమైపోయింది.

ఇక బడి సంగతి. తాటాకుల పాక. వానొస్తే పిల్లల్ని ఇళ్ళకి పంపించేయడమే. పక్కా బడి కట్టాలని మగవాళ్ళు ప్రతి ఏడూ కూర్చునేవారు, కోతలయ్యాక చూద్దాం అని లేచిపోయేవారు. ఒక ఏడు తవిటమ్మకి విసుగొచ్చింది. ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకి ఒక మాట చెప్పింది. ఎసట్లో బియ్యం పోసేముందు ఒక పిడికెడు పక్కకి తీసి, తవుడు కుండలో అడుగున పెట్టాలి. మొగుడికి చెప్పకూడదు. ఆడవాళ్ళు అలాగే చేశారు. మగవాళ్ళు రోజూ తింటూనే ఉన్నారు, ఒక్కడికీ తెలీలేదు. తవుడు కుండలో చెయ్యి పెట్టే మగాడు మా ఊళ్ళో ఎప్పుడూ పుట్టలేదు. ఒకనాడు ఆ బియ్యం అంతా తవిటమ్మ ఇంటి వసారాలో కుప్ప పడితే, మగవాళ్ళు చూసి నోరు వెళ్ళబెట్టారు. ఆ మీదట బియ్యం అమ్మిన డబ్బుతో సామాను తెచ్చి, సిగ్గుపడి వాళ్ళే రాళ్ళు మోశారు, పెంకు ఎక్కించారు.

అరవై ఎనిమిది ఎండాకాలానికి గోడలు లేచాయి. గోడలో పెట్టే రాయి మీద ఒక పద్యం ఉండాలి, అది మేష్టరే రాయాలి అని ఊరంతా అంది. మావకి ఆ రాత్రి అన్నం సయించలేదని అత్త చెప్పింది. కాగితం చినిగిపోతుంది, పెళ్ళిలో చదివిన పద్యం పందిరితో పోతుంది, రాయి అలాక్కాదు. చాలా రోజులు గట్ల మీద తనలో తాను గొణుక్కుంటూ తిరిగి, చివరికి ఇది రాశాడు:

దాచిన గింజలె పెరిగెను
రాసిగ మా పల్లెలోన రమ్యపు బడిగా
మోసిన చేతులు చల్లగ
వాసిగ మా బిడ్డలెదిగి వర్ధిల్లవలెన్

ఊళ్ళో చదివి వినిపించాడు. తవిటమ్మ రెండోసారికే మొదటి పాదం నోటికి పట్టేసింది. కానీ రాతి మీదకి వెళ్ళేముందు తెలిసినవాళ్ళు చూడాలని మావ పట్టుబట్టి, నన్ను వెంటబెట్టుకుని రాజాం బస్సెక్కాడు. అక్కడ నరసింగరావు గారని, హైస్కూల్లో తెలుగు పండితులుగా చేసి రిటైరైనాయన ఉన్నారు. మంచి మనిషి. నన్ను కూడా కూర్చోమన్నారు, మజ్జిగ ఇప్పించారు. కాగితం తీసుకుని చదివారు, గణాలు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు, బాగుంది అన్నారు. తర్వాత మళ్ళీ మొదటికి వెళ్ళారు.

"మేష్టరు గారూ, ప్రాస చూసుకున్నారా?" అని మెల్లిగా అడిగారు.

కందానికి ప్రాస ముఖ్యం. నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం ఒకే హల్లు కావాలి. వరినాటులో తాడు పట్టి నాటినట్టు ఉండాలని మావే పిల్లలకి చెప్పేవాడు. రాసి, మోసి, వాసి, మూడింట్లోనూ సకారం. దాచిన దగ్గర చకారం. గట్ల మీద పద్యం కట్టింది ఇంట్లో తెలుగు, కాగితం మీద పెట్టింది బళ్ళో తెలుగు. నోట్లో 'దాసిన' అనుకున్నంతసేపూ తాడు తిన్నగానే ఉంది. చెయ్యి తన అలవాటు కొద్దీ చకారం వేసేసింది. ఇన్నేళ్ళు పిల్లల చెవులు మెలేసిన మనిషికి ఇది కనపడలేదు.

మావ మొహం చూడలేక నేను మజ్జిగ గ్లాసు చూశాను. పండితులు గారు నొప్పించలేదు. చకారానికీ సకారానికీ యతిలో చుట్టరికం ఉందండి, ప్రాసలో లేదు, అంతే అన్నారు. 'దాసిన' అనే చెక్కిద్దామా అని నేను నోరు జారాను. రాతి మీద 'దాసి' అని కనిపిస్తే పనిమనిషి గింజలనుకుంటారు నాయనా అని ఆయన నవ్వారు. తర్వాత ఆయనే మార్గం చెప్పారు. 'దాచిన' తీసి 'పోసిన' పెట్టండి. పోసిన గింజలె పెరిగెను. గణం చెడదు, ప్రాస కుదురుతుంది, అర్థానికీ లోటు లేదు. ఇలా దిద్దితే ఈ పద్యాన్ని ఎక్కడైనా మంచి కందమని నేను చదివి వినిపిస్తాను అని కూడా అన్నారు.

మావ జీవితమంతా ఎదురుచూసిన మాట అది. తిరుగు బస్సులో దారంతా పోసిన, పోసిన అని ఆయన పెదాలు కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు రాళ్ళు చెక్కే నూకయ్య వచ్చాడు. నూకయ్యకి చదువు లేదు. మావ సుద్దతో రాతి మీద అక్షరాలు రాస్తే, వాటి వెంబడే ఉలి నడుపుతాడు. మావ 'పోసిన' అని రాసి లేచాడు. తవిటమ్మ పేడతట్టతో అటు పోతూ ఆగింది. తనకి నోటికొచ్చిన పాదమే కదా, చదవమంది. మావ చదివాడు.

"పోసిన? ఎవలు పోసీనారు?" అంది.

ప్రాస అంటే ఏమిటో, ఎక్కడ తప్పిందో మావ ఓపిగ్గా చెప్పాడు. ఆవిడ తట్ట దించి అంతా వింది. ఎగతాళి చెయ్యలేదు.

"పోత్తే మా మొగోలు సూడరేటి? సూత్తే ఆ పూటే వండించుకు తినీసేవోలు. మేము పొయ్యనేదురా తమ్ముడూ, దాసినాం" అంది. తట్ట ఎత్తుకుంది. "నీ పజ్జెం, నీ ఇష్టం. రాతి మీద పేరు నీదే గదా."

ఆవిడ వెళ్ళిపోయింది. నూకయ్య ఉలి పట్టుకుని కూర్చున్నాడు. నాకు అప్పుడు గాని వెలగలేదు. దాచడం అంటే జాగ్రత్త పెట్టడమూ అవును, కంట పడకుండా పెట్టడమూ అవును. ఒకే మాట రెండర్థాలు మోస్తోంది. దాన్ని శ్లేష అంటారని కాలేజీలో నేను బట్టీ పట్టినదే. 'పోసిన'లో గింజలుంటాయి, ఆ ఆడవాళ్ళు ఉండరు. కానీ 'దాచిన' అంటే ప్రాస పోతుంది, తెలిసినవాళ్ళ దగ్గర మావ మాటా పోతుంది. కింద ఆయన పేరు చెక్కి ఉంటుంది. చూసినవాడల్లా ప్రాస రాని మేష్టరంటాడు, ఆయన పోయాక కూడా అంటాడు.

మధ్యలో ఇంకేదైనా మాట దొరుకుతుందేమోనని నేను వెతికాను. కుదరలేదు. కుదిరినవి ఆడవాళ్ళవి కావు.

మావ ఆ రాయి పక్కన గొంతుక్కూర్చున్నాడు. తర్వాత పైపంచె కొస ఉమ్మితో తడిపి, మొదటి అక్షరాలు తుడిచి, 'దాచిన' అని రాశాడు. చకారానికి ఒంపు బాగా కనపడేలా రెండోసారి దిద్దాడు.

"సెక్కీరా నూకయ్యా" అన్నాడు.

బడి తెరిచిన రోజు తహసీల్దారు కచేరీ నుంచి ఒక గుమాస్తా వచ్చాడు. చదువుకున్నవాడు, పద్యాల పిచ్చి ఉన్నవాడు. దండలూ అరటిపళ్ళూ అయ్యాక రాయి దగ్గర నిలబడి పైకి చదివాడు. రెండో పాదంలో తడబడ్డాడు, మళ్ళీ మొదటికెళ్ళాడు, నవ్వాడు.

"కందం రాసి ప్రాస మర్చిపోయారే. ఎవరండీ ఈ కవిగారు?"

మావ ఆయన పక్కనే ఉన్నాడు. ఆఫీసు మనుషులతో ఎప్పుడూ చకారాలు ఒత్తి మాట్లాడే మనిషి.

"నానేనండి" అన్నాడు.

గుమాస్తా సర్దుకుని ఏదో మంచిమాట చెప్పి పోయాడు. నాకు ఒళ్ళు మండింది. పండితులు గారు చెప్పిందీ, తవిటమ్మ అన్నదీ, అన్నీ అతని మొహాన కొట్టొచ్చు కదా, నోరు లేదా అని అడిగాను. అరుగు మీద ఆడవాళ్ళు బెల్లం పానకం పోస్తున్నారు. మావ గ్లాసు అందుకుని, తాగి, మూతి తుడుచుకుని, ఆ ఆడవాళ్ళ వైపు చూశాడు.

"ఏటని సెప్పమంటావల్లుడూ? తప్పు తప్పే గదా. తప్పు నాది, మాట ఆలది."