ఓబళప్ప ఎంగిలి చేసిన పానకం

నగర్తపేటలో మా ఇంటికి ఎదురుగా కళాయి ఓబళప్ప కాపురముండేవాడు. ఆయనంత భయస్తుణ్ణి నేను మరెక్కడా చూడలేదు. అలాగని పిడుగుకు భయపడేవాడు కాదు, పోలీసుకూ భయపడేవాడు కాదు. జపాను విమానాలు వస్తాయని ఊరంతా దీపాలకు నల్లగుడ్డలు కప్పుకొన్న రోజుల్లో కూడా వీధి అరుగు మీదనే పడుకొని గురకపెట్టేవాడు. ఆయన భయమంతా ఒక్క పచ్చరంగు మీద. రాగికి పులుపు తగిలితే పుట్టే చిలుము రంగు అది.

పడుచువాడుగా ఉన్నప్పుడు కాడుగోడి దగ్గర ఒక పెళ్ళికి పోయాడట. లోపలి తగరపు కళాయి అరిగిపోయిన రాగి గంగాళంలో ముందునాటి పులుసు నిలవ ఉంచి మరునాడు వడ్డించారు. తిన్నవారు తిన్నచోటనే కడుపు పట్టుకొని మెలికలు తిరిగిపోయారు. పెళ్ళికొడుకు తాత మళ్ళీ లేవలేదు. అప్పటినుంచి ఓబళప్ప ఏ విందుకు పోయినా ముందుగా వంటశాలలో దూరి, పాత్రల లోపలివైపు పరికించి చూస్తేనేగాని విస్తరి ముందు కూర్చొనేవాడు కాదు.

“ఏమప్పా, పెండ్లికూతుర్ని చూసేదానికి వస్తివా, గంగాళాల్ని చూసేదానికి వస్తివా?” అని బళేపేటలో ఇనుపసామాను అంగడి నడిపే అశ్వత్థప్ప ఆయనను ఎప్పుడూ ఆటపట్టించేవాడు.

ఇక్కడ ఒక చిన్న మాట చెప్పక తప్పదు. జనం ‘కళాయి వేయడం’ అంటారు గాని, ‘పూయడం’ అనడమే న్యాయమని నా అభిప్రాయం. వేసినదాన్ని తిరిగి తీయవచ్చు. పూసినది అంటిపెట్టుకొని ఉంటుంది. ఓబళప్ప పాత్రను కొలిమి మీద కాచి, నవాసారం చల్లి, తగరపు కడ్డీని ఇలా తాకించి దూదితో ఒక్క తుడుపు తుడిచేసరికి, ఎర్రని రాగి మీద తెల్లని పొర పాకిపోయేది. రాగికీ పులుపుకూ నడుమ ఆ పొర తప్ప మరో అడ్డు లేదు. నా క్రియాపద విచారమంతా ఆయన ఓపికగా విని, “ఏదో ఒగటి అనండి సారూ, అది నిలిస్తే చాలు” అన్నాడు.

మలయా దేశం జపాను వశమయ్యాక తగరం రావడం నిలిచిపోయింది. పనివారు కొందరు సీసం కలిపి కాలం గడిపారు. ఓబళప్పకు సీసమన్నా భయమే. ఉన్న కాస్త తగరాన్నే సాగదీసి పలుచగా పూసేవాడు. పాత్రను తిరిగి అప్పగించేటప్పుడు, లోపల వట్టి నీళ్ళతో కడగండి, చింతపండూ ఇటికెపొడీ తాకించవద్దు అని ప్రతి ఇల్లాలినీ బతిమాలుకొనేవాడు.

నేను చెప్పబోయేది నలభైమూడో సంవత్సరపు శ్రీరామనవమి సంగతి. మా వీధి పందిరికి పెద్ద అశ్వత్థప్పే. పానకానికి నిలువెత్తు రాగి గంగాళం ఒకటి ఉండేది. ఆ ఏడు కూడా దానికి ఓబళప్పే కళాయి పూశాడు. పండుగ ముందునాడు ఆడవారు ఆ గంగాళాన్ని మొక్కుగా తోమడం మా వీధి ఆచారం. ఎంత మెరిస్తే మొక్కు అంత చెల్లినట్టు. మామూలుగా పైపైన తోమి లేచేవారు. ఆ ఏడు అలా జరగలేదు. అశ్వత్థప్ప కొడుకు సిపాయిగా బర్మా సరిహద్దుకు పోయి చాలా కాలమైంది, కబురు లేదు. అతని తల్లి లక్ష్మమ్మ గంగాళంలోకే దిగి కూర్చొని, చింతపండూ ఇటికెపొడీ పట్టించి, చేతులు పొక్కులెక్కేదాకా తోమింది. ఓబళప్ప చెప్పిన జాగ్రత్త ఆమె మరిచిపోలేదు. దేవుడి పాత్రకు అది వర్తించదనుకొంది, అంతే.

పండుగనాడు పొద్దు పొడవకముందే బెల్లమూ నిమ్మరసమూ మిరియాలూ కలిపి గంగాళం నింపారు. రాముడు పుట్టేది మిట్టమధ్యాహ్నం. నైవేద్యమయ్యేదాకా ఒక్క చుక్క ఎవరూ నోట పెట్టరాదు. చంటిబిడ్డల తల్లులూ ముసలివారూ చెంబులు పట్టుకొని ఎండలో బారులు తీరారు. బడిపంతులుగా కొత్తగా చేరిన నేనూ మా చెంబుతో ఆ బారులోనే ఉన్నాను.

ఓబళప్ప వచ్చి, అలవాటుగా గంగాళం మీదికి వంగాడు. వంగినవాడు మళ్ళీ నిటారుగా లేవలేదు. పానకపు మట్టానికి పైన తెల్లగా ఉండవలసిన అంచు ఎర్రగా నిగనిగలాడుతోంది. పానకం తాకినచోట గీత గీసినట్టు సన్నని పచ్చచాయ. 

అశ్వత్థప్పను పక్కకు పిలిచి, కళాయి పోయింది, ఈ పానకం పంచవద్దని గొంతు తగ్గించి చెప్పాడు. అశ్వత్థప్ప ముందు నవ్వాడు. తెల్లవారి పోసిన పానకానికి అప్పుడే ఏమవుతుందన్నాడు. ఓబళప్ప పట్టు వదలకపోయేసరికి, పండుగపూట దేవుడి సొత్తును విషమంటావా అని కళ్ళెర్రజేశాడు. ఆ మాట లక్ష్మమ్మ చెవిని పడింది. ఆమె దగ్గరికి వచ్చి చాలా మెల్లగా అడిగింది.

“నా మొక్కులో విషముండాదా అప్పా?”

 ఇంతలో పూజారి తులసిదళం పట్టుకొని లేచాడు, గంట మోగింది. ఓబళప్ప ఒకసారి బారులో నిలబడ్డవారినందరినీ చూశాడు. గరిటె అందుకొని గంగాళంలో ముంచి, నోటికి ఆనించుకొని గుటకవేసి, ఆ ఎంగిలి గరిటెను మళ్ళీ పానకంలోనే వదిలాడు.

గంట ఆగిపోయింది. అశ్వత్థప్ప చెయ్యి ఓబళప్ప చెంప మీద పడింది. వెనకనుంచి ఎవరో ఆయన చొక్కా పట్టి లాగి చింపారు. లక్ష్మమ్మ మాత్రం అరవలేదు. పందిరి రాటను పట్టుకొని కూలబడింది. దేవుడు తన మొక్కును తోసివేశాడనీ, అక్కడ కొడుక్కు ఏదో జరిగిందనీ ఆమె భయం.

పానకమంతా వీధి మురుగు మోరీ పాలైంది. కుండలు తెప్పించి మళ్ళీ కలిపారు. జనం తాగారు, ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడంవల్లనే ఓబళప్ప మాట నిజమో కాదో ఎవరికీ తెలియలేదు. రాని రోగానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

మనసు ఆగక సాయంత్రం వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఓబళప్ప కడుపు చేత్తో అదుముకొని గోడకు ఆనుకొని ఉన్నాడు. నాలుక మీద రాగి రుచి వదలడం లేదన్నాడు. భార్య మునిలక్ష్మి పాలు తాగించబోతూ కోపమూ ఏడుపూ కలిసిన గొంతుతో నిలదీసింది.

“చెయ్యి ముంచింటే చాలదా? తాగేదెందుకు?”

“చెయ్యి ముంచితే నీళ్ళు చల్లి మంత్రం చదువుతారు. ఎంగిలికి శుద్ధి లేదు.”

అప్పుడే గుమ్మంలో లక్ష్మమ్మ కనిపించింది. లోపలికి రాలేదు. పొక్కులెక్కిన చేతులు రెండూ ముందుకు చాపి నిలబడింది.

“నిజం చెప్పప్పా. కళాయి నా చేతుల్తోనే పోయిందా?”

ఓబళప్ప ఆ చేతులవైపు చూశాడు. 

“లేదమ్మా. నేనే శానా పల్చగా ఏసినాను. తగరం చాల్లేదు. తప్పు నాది.”

లక్ష్మమ్మ ఊపిరి పీల్చుకొంది. ఆ తరువాత వీధి వినేటట్టు ఆయనను తిట్టింది. ఆమె పొద్దుటినుంచి బిగబట్టుకొన్నదంతా ఆ తిట్లలో వెళ్ళిపోయింది. మునిలక్ష్మి నోరు తెరవబోతే ఓబళప్ప ఆమె కొంగు పట్టి ఆపాడు.

లక్ష్మమ్మ వెళ్ళిపోయాక మునిలక్ష్మి, “నీ నోటితోనే ఒప్పుకొంటివి. రేపట్నుంచి మన కొలిమి కాడికి ఎవురొస్తారు?” అంది. ఆయన లేచి, తడబడుతూ వాకిట్లోకి పోయి వాంతి చేసుకొన్నాడు.

ఆమె అన్నట్టే ఎవరూ రాలేదు. కొలిమి గుంటను మట్టితో పూడ్చేశాడు. ఊరవతల యుద్ధసామగ్రి తయారుచేసే ఒక కార్ఖానాలో, ఇనుపరేకులు తుప్పు పట్టకుండా రంగు పూసే కూలికి కుదిరాడు. మరుసటి ఏడు దారిలో కనిపిస్తే, పని ఎలా ఉందని అడిగాను.

“ఇనుముకు తుప్పు పడితే ఇనుమే పోతాది సారూ. దాన్ని ఎవురూ తాగరు” అన్నాడు.

అయితే భయం పోయినట్టేనా అన్నాను. వేళ్ళకు అంటిన రంగును గోటితో గీకాడు.

“నవమినాడు మాత్రం ఊళ్ళో ఉండను సారూ” అని, తలవంచుకొని నడిచిపోయాడు.