ఆకాశం సంగతి వేరన్న మాస్టారు

మా దీవిలోని గరాచర్మలో నా మనవరాలికి ట్యూషన్ చెప్పిన, వాళ్ళ స్కూలు సైన్సు మాస్టారు, పిల్లల పుస్తకాలను ముందు వాసన చూసి గాని తెరిచేవాడు కాదు. మేముండే బతు బస్తీ పిల్లల పుస్తకమైతే రెండు వేళ్ళతో పట్టుకునేవాడు.

పాఠం మాత్రం బాగా చెప్పేవాడు. "గెలాక్సీలు గుంపులు కడతాయి. ఒంటరి గుంపు గుండ్రంగా సర్దుకుంటుంది. రద్దీలో ఉన్నదాన్ని చుట్టూ ఉన్నవి లాగి సాగదీస్తాయి. తప్పు గుంపుది కాదు, చుట్టుపక్కలది" అనేవాడు. పెద్దయ్యాక అక్షరాలు దిద్దుకున్న నేను అతని అరుగు మీద కూర్చుని విని మురిసిపోయేదాన్ని.

స్కూలు ప్రదర్శన కోసం నా మనవరాలు వాళ్ళ నాన్న పాత చేపల వల తెచ్చింది. తాళ్ళు ఎక్కువగా కలిసిన ముడుల దగ్గర పూసలను గెలాక్సీ గుంపుల్లా పొడుగ్గా, విడిగా ఉన్నచోట గుండ్రంగా కట్టింది. తీరా ఆ రోజు మాస్టారు జడ్జిలకు వివరించడానికి వల పక్కన ఒక ఆఫీసరు గారి అమ్మాయిని నిలబెట్టాడు.

"అది నేను కట్టింది సార్. నేనే సమ్‌ఝాయిస్తా" అంది మనవరాలు.

"బస్తీ భాషా, ఒంటి మీద చేపల కంపూ! జడ్జిల ముందు నా పరువు తీస్తావా? వెనక్కి పో."

చూడ్డానికి వెళ్ళిన నేను ముందుకొచ్చి, "తప్పు చుట్టుపక్కలదని మీరే కదా చెప్పారు సార్?" అన్నాను.

"అది ఆకాశం సంగతి దీదీ" అని నవ్వాడు.

ఇంటికి వచ్చే బస్సులో మనవరాలు, "సార్ గందా ఆద్మీ, మురికి మనిషి అమ్మమ్మా. కానీ పాఠం సచ్చీ, నిజం. ఇంకా సగం ఉంది, రేపు వెళ్తాను" అంది. ఆ పాఠం చెప్పేవాళ్ళు మా వైపు ఇంకెవరూ లేరు.

మర్నాడు దాన్ని దిగబెట్టి, అతనికి నమస్తే పెట్టి, ఇంటికొచ్చి చేతులు సబ్బుతో కడుక్కున్నాను.