చెప్పింది చెప్పినట్టే

నేను తిరుపతిలో ఒక విశ్వవిద్యాలయంలో సోషల్ వర్క్ పాఠాలు చెబుతాను. సెమిస్టరు మొదటిరోజున నియమాలు చదివి వినిపించడం నా అలవాటు. డెబ్బయ్యయిదు శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. అసైన్‌మెంటుకు ఇరవై మార్కులు. ఒకరిది చూసి ఒకరు రాస్తే ఇద్దరికీ సున్నా. ఈ చివరి మాట దగ్గర నా గొంతు కొంచెం పెరిగేది.

మూడేళ్ల కిందట ఒక అసైన్‌మెంటు ఇచ్చాను. చేతులతో పనిచేసి బతికే మనిషినొకరిని వెతుక్కుని, గంటసేపు మాట్లాడి, వాళ్ల మాటల్లోనే నాలుగు పేజీలు రాసి తేవాలి. ఆదివారం ఇంట్లో కూర్చుని దిద్దుతుంటే ఒకచోట పెన్ను ఆగింది. ‘మా ఆయన పోయిన మూడోపొద్దే బుట్ట ఎత్తుకోని వచ్చి కూసున్నాను. ఏడ్సేది కండ్లకు తెలుసు గానీ చేతులకు తెలీదు గదా.’ తిరుచానూరులో పూలమ్మే ఒకామె మాటలు. ఎంత బాగుందో అనుకున్న మరుక్షణం, దీన్ని ఇందాకే చదివానే అనిపించింది. దిద్దేసిన కట్టలో వెతికాను. ఉంది. అదే పూలామె, అదే మాట. అదొక్కటే కాదు, పది పన్నెండు వాక్యాలు పొల్లుపోకుండా ఒకటే.

మొదటి కాగితాలు నగరి నుంచి వచ్చిన అమ్మాయివి. ఇంట్లో మరమగ్గాలు నడుపుతారు. ముందు బెంచీ, ఒక్క క్లాసు తప్పేది కాదు. రెండోవి క్లాసులో అందరికంటే పెద్దవాడివి. ముప్పై ఏళ్లుంటాయి. తిరుచానూరులో ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ చేసి పగలు చదువుకునేవాడు. వెనక బెంచీ. హాజరు అరవై శాతం దాటలేదు. ఎవరిది చూసి ఎవరు రాశారో నేను క్షణం కూడా ఆలోచించలేదు, అతనే అనుకున్నాను. అయినా నియమం నియమమే కదా అని రెండింటి మీదా ఎర్రపెన్నుతో సున్నా చుట్టాను.

సోమవారం ఇద్దరినీ నా గదికి పిలిచాను. అమ్మాయికి అప్పటికే కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నేను ఎవురిదీ సూడలేదు మేడం. ఈయన్నతో ఇంతవరకూ మాట్లాడిందే లేదు.”

అతను రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని నిదానంగా చదివాడు. చదువుతూ చదువుతూ నవ్వాడు. నాకు ఒళ్లు మండింది.

“ఆయమ్మ అందురికీ ఇట్లనే చెప్తాది మేడం. మా లాడ్జి ముందరే కూసుంటాది. నాలుగేండ్లుగా ఆ మాటలే ఇంటా ఉండాను. ఒక్క మాట అటూ ఇటూ కాదు.”

“పది వాక్యాలు అచ్చుగుద్దినట్టు ఎలా వస్తాయయ్యా?”

“వాళ్ల మాటల్లోనే రాయమని మీరే గదా మేడం అన్నారు? చెప్పింది చెప్పినట్టే రాసినాము. ఒకసారి వచ్చి ఇనండి.”

చూద్దాం, వెళ్లండి అన్నాను.

శనివారం మధ్యాహ్నం ఎవరికీ చెప్పకుండా షేర్ ఆటో ఎక్కి తిరుచానూరు వెళ్లాను. లాడ్జి మెట్ల పక్కన, బుట్ట మీద తడిగుడ్డ కప్పుకుని ఆమె కూర్చుని ఉంది. రెండు మూరల మల్లెలు తీసుకుని, మెట్టు మీద కూర్చుని ఒకే ఒక ప్రశ్న అడిగాను.

“ఎన్నేళ్లుగా అమ్ముతున్నావమ్మా?”

అంతే. వేళ్లు పూలు కట్టడం ఆపలేదు, నోరు చెప్పడం ఆపలేదు. మూడోపొద్దు వచ్చింది. కండ్లు వచ్చాయి, చేతులు వచ్చాయి. నేను ఎర్రగీత గీసిన వాక్యాలన్నీ వరసలో ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. చెప్పీచెప్పీ ఆమెకు ఆ బతుకు పాఠంలాగా నోటికి వచ్చేసింది. అయినా ‘మా ఆయన పోయిన’ అన్న దగ్గర ఆమె గొంతు నిజంగానే వణికింది.

“మొన్న ఒక పాప వచ్చి ఇదంతా రాసుకున్నాది. ఈ లాడ్జి అబ్బోడూ రాసుకున్నాడు. సదువుకంట. వాళ్ల టీచరమ్మవి నువ్వేనా?” అంది.

తలూపాను.

“నా మాటలకు ఎన్ని మార్కులేసినావు తల్లీ?”

సున్నా అని చెప్పడానికి నోరు రాలేదు. “ఇంకా వేయలేదమ్మా” అన్నాను.

“బాగా ఎయ్యి. ఒక్క అబద్దం చెప్పలా నేను” అంటూ ఇంకో జానెడు మల్లెలు కొసరు పెట్టింది.

సోమవారం క్లాసులో అందరి ముందూ, పొరపాటు నాదే అని చెప్పాను. అది అనుకున్నంత కష్టంగా లేదు. చెప్పేశాక మనసు తేలికయింది. అమ్మాయికి పదిహేడు, అతనికి పద్దెనిమిది వేశాను. ఒక్క మార్కు ఎందుకు తగ్గిందని అమ్మాయి వచ్చి అడిగింది. అతని చివరి పేజీ చదవమన్నాను. వానొస్తే ఆమె బుట్ట ఎక్కడ దాచుకుంటుందో, సాయంత్రం అమ్ముడుపోని పూలు ఎవరికి ఇచ్చేస్తుందో అందులో ఉంది.

“అవు మేడం. నేను ఒక్క గంటే గదా కూసున్నాను” అని ఒప్పుకుని వెళ్లింది.

ఇక అతని హాజరు. జ్వరమని డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకో, సర్దేస్తాం అని ఆఫీసులో ఎవరో చెప్పారట. “జొరం రాలేదు గదా మేడం, యాడినించి తెచ్చేది?” అన్నాడు నాతో. ఇతనా దొంగరాత రాశాడని నేను అనుకున్నాను అని సిగ్గేసింది. క్లాసులు ఎందుకు పోతున్నాయో అప్పుడుగానీ అడగలేదు. డ్యూటీ దిగేది తొమ్మిదికి. నా క్లాసు తొమ్మిదిన్నరకు. బస్సు దొరికి వచ్చేసరికి పేర్లు పిలవడం అయిపోయేది. పక్క గది మాస్టారిని అడిగి, నా మొదటి గంట ఆయనకిచ్చి ఆయన రెండో గంట నేను తీసుకున్నాను. ఆయనకూ తొందరగా ఇంటికి పోవచ్చని సంతోషమే. రెండే నిమిషాల మాట అది.

సెమిస్టరు ముగిసేసరికి అతని హాజరు డెబ్బయ్యారుకు చేరింది. చివరి వారాల్లో ఒకరోజు, మధ్య బెంచీలో కూర్చుని నా పాఠం వింటూనే నిద్రపోయాడు. నగరి అమ్మాయి వెనక్కి తిరిగి లేపబోయింది. వద్దని సైగ చేసి, కాస్త గొంతు తగ్గించి పాఠం సాగించాను.